అరవై మూడేళ్ల భాగస్వామి

ఆ మంగళవారం కోరల్ పాస్కో చేయదలచుకున్న పనులు మూడే. క్లబ్బులో రేపటి టీకోసం నిన్న చేసిన కేకును ముక్కలు కోసి, చాక్లెట్‌లో ముంచి, కొబ్బరికోరులో దొర్లించి లామింగ్టన్లు చేయడం. ఎండ ఉండగానే దుప్పట్లు ఆరేయడం. మధ్యాహ్నం భర్త నెవిల్ ఇంటికి వచ్చేదాకా కంగారు పడడం. మూడోది రోజూ ఉండేదే కాబట్టి దానికి ప్రత్యేకంగా తీరిక చేసుకోనక్కర్లేదు.

నెవిల్ వీధి చివర రొట్టెల కొట్టుకు వెళ్లినా సరే, ఆమె వంటగది కిటికీ దగ్గర నిలబడి అతని బండి మలుపు తిరిగేదాకా చూస్తుంది. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే పనికని ఒక పొద్దున వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన వెళ్లేటప్పుడు ఆమె పెరట్లో కోడిగుడ్లు ఏరుకుంటూ ఉండిపోయింది, చూడలేదు. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా చూడకుండా ఉండలేదు. ఈ సంగతి తెలిసే, పెళ్లయిన నలభై రెండేళ్లుగా నెవిల్ మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొడతాడు. మొదటిది వెళ్తున్నానని, రెండోది వస్తానని.

ఆ రోజు ఆరున్నరకు గాలాలు బండిలో వేసుకుని సరస్సుకు బయల్దేరినవాడు మలుపు దగ్గర ఒక్కసారే కొట్టాడు.

రెండో హారన్ కోసం కోరల్ ఐదు నిమిషాలు అక్కడే నిలబడింది. రాలేదు. ఇంట్లో ఏదో వస్తువు పెట్టిన చోట లేనట్టు అనిపించింది ఆమెకు. సరే, పనిలో పడితే పోతుందనుకుని, కోకో ఎన్ని చెంచాలు వేయాలో చూద్దామని వంటగది మూలనున్న కంప్యూటర్ తెరిచింది. నెవిల్ మూయకుండా వదిలేసిన పేజీ ఒకటి ఎదురుగా ఉంది. పదవీ విరమణ క్యాలిక్యులేటర్. పైన కొన్ని గడులు, కింద సొమ్ము ఏ ఏటిదాకా మిగులుతుందో చూపే పచ్చటి గుట్టలాంటి బొమ్మ.

మీ వయసు: 70. మీరు ఒంటరా, జంటా: జంట. మీ భాగస్వామి వయసు: 63. డబ్బు ఏ వయసుదాకా రావాలి: మీకు 90, భాగస్వామికి 83.

కోరల్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. అరవై మూడు అరవై మూడులాగే ఉంది. పోయిన నెలే తనకు అరవై ఏడు నిండాయి. తలుపులు వేసి, కర్టెన్లు లాగి, ఇద్దరే ఓ చిన్న కేకు కోసుకున్నారు. మరి ఈ అరవై మూడేళ్ల భాగస్వామి ఎవరు?

యారవాంగ ఊరు మొత్తానికి ఆ వయసు మనిషి ఒక్కతే ఉన్నట్టు, ఆమెకు ఒక్క పేరే తోచింది. గ్లెనిస్.

గ్లెనిస్ భర్త పోయి ఆరేళ్లయింది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు చేసి మానేసింది. సన్నటి మనిషి. బౌల్స్ క్లబ్బు పచ్చికమీద బంతి దొర్లించేటప్పుడు ఒక మోకాలు నేలకు వంచి, రెండో కాలు వెనక్కి చాచి, ఏ కీలూ కిర్రుమనకుండా పైకి లేస్తుంది. అది చాలదన్నట్టు రెండు నెలలుగా గురువారం పొద్దున క్లబ్బులో తరగతి పెట్టింది. గోడమీది పెద్ద టీవీకి తన కంప్యూటర్ తగిలించి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, వయసూ దాచిన సొమ్మూ అడిగి క్యాలిక్యులేటర్‌లో వేసి, అది ఏ ఏటికి నిండుకుంటుందో అందరికీ చూపిస్తుంది. కోరల్ ఒక్క తరగతికీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఆమె కారణం ఆమెకుంది. అది ఆ క్యాలిక్యులేటర్ కన్నా పాతది. నెవిల్ మాత్రం క్లబ్బు కార్యదర్శి కాబట్టి వెళ్లక తప్పలేదు. వెళ్లడం మొదలుపెట్టాక "గ్లెనిస్ ఏమందంటే" అనకుండా టీ కప్పు ఎత్తడం మానేశాడు.

కోరల్ షెపర్టన్‌లో ఉన్న ఆడపడుచుకు ఫోన్ చేసింది. రోండా నెవిల్‌కు నాలుగేళ్లు పెద్ద. ఆ సమయానికి కుక్కకు స్నానం చేయిస్తోంది.

"వదినా, మీ తమ్ముడు ఇంకొకర్తెను చూసుకున్నాడు."

"ఎవరు, మా నెవిల్‌గాడా? వాడికి గాలానికి ఎర గుచ్చాలంటేనే రెండు కళ్లద్దాలు కావాలే పిల్లా. ఆడమనిషిని ఎక్కడ చూస్తాడు?"

"నవ్వకు. కంప్యూటర్‌లో రాసిపెట్టుకున్నాడు. వయసుతో సహా. ఆవిణ్ణి ఎనభై మూడో ఏటిదాకా పోషిస్తాడట."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత సంగతి నాకెందుకు?"

"ఎనభై మూడుకి ఆపేస్తాడంటే ఆవిడ మీద కూడా అంత ప్రేమేమీ లేనట్టే. కదలకే వెధవా! నిన్ను కాదు, కుక్కని."

"పొద్దున హారన్ కూడా ఒక్కసారే కొట్టాడు."

అవతల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. "ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"అయితే ఏడుస్తూ కూర్చోకు," అంది రోండా గొంతు తగ్గించి. "ముందు నీ లెక్క నువ్వు చూసుకో. మా పక్కింటావిడ చూసుకోలేదు. చివరికి ఆవిడకి మిగిలింది పెరట్లో గొట్టం ఒక్కటే."

కోరల్ కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుంది. జీవితంలో మొదటిసారి ఆ గడుల్లో తన వివరాలు తాను నింపింది. పేరు కోరల్ పాస్కో. వయసు 67. 'జంట' మీద ఉన్న చుక్కను పట్టుకుని 'ఒంటరి' మీదికి లాగింది. వెంటనే ఆ యంత్రం, పొరుగింటి మనిషిలా, కారణం అడిగింది. విడాకులా? భర్త మరణమా?

ముందు విడాకులు నొక్కింది. ఇల్లు సగం, సొమ్ము సగం అయిపోయి, పచ్చగుట్ట డెబ్బై ఎనిమిదో ఏట తెగిన గట్టులా కూలిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో తను ఓ చేతిసంచీతో బస్సు కోసం నిలబడి ఉండడం, అవతలి రోడ్డుమీద గ్లెనిస్ మోకాళ్లు చప్పుడు చేయకుండా నడిచిపోవడం ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. అప్పుడు రెండోది నొక్కింది. ఇల్లంతా ఆమెదే. సొమ్మంతా ఆమెదే. గుట్ట తొంభై తొమ్మిదో ఏటిదాకా పచ్చగా సాగిపోయింది.

అది చూస్తే కోరల్‌కు ఎంత తృప్తి కలిగిందంటే, మధ్యాహ్నం అతను రాగానే మొహాన పెట్టడానికి ఓ ప్రతి ఉండాలనిపించింది. 'నివేదిక పంపండి' అనే మీట కనిపించింది. కన్నీళ్లకు అద్దాలు తీసేసింది కాబట్టి ఈమెయిల్ చిరునామా గడి సరిగా ఆనలేదు. అందులో ఏదో ముందే నిండి ఉంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు ఇంటావిడ చిరునామా తెలియకుండా ఉంటుందా అనుకుని నొక్కేసింది. ఆ కంప్యూటర్‌కు అన్నిటికన్నా బాగా తెలిసిన చిరునామా కార్యదర్శి రోజూ వాడేది. అది క్లబ్బు సభ్యులందరిదీ. ఎనభై నాలుగు మంది.

అందరికీ ఒకేసారి చేరిన ఆ కాగితం మీద మొదటి రెండు వరుసలు ఇవి: 'కోరల్ పాస్కో, 67. భర్త మరణానంతర ప్రణాళిక. ప్రారంభం: ఈ రోజు.'

తొమ్మిదింపావుకు క్లబ్బు అధ్యక్షుడు డెస్ ఫోన్ చేశాడు.

"కోరల్, ఇప్పుడే చూశాను. నాకు నోట మాట రావడం లేదు."

కోరల్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. అంటే ఊరందరికీ తెలుసన్నమాట, తనకే చివర తెలిసింది. "నీదాకా వచ్చిందా?"

"అందరికీ వచ్చింది. ఎప్పుడు జరిగింది ఇది?"

"నాకు ఈ పొద్దునే తెలిసింది. ఎన్నాళ్లుగా లోపల ఉందో ఎవరు చూశారు?"

"అన్నీ లోపలే పెట్టుకునే మనిషి. పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించేవాడు!"

"ఆరోగ్యానికేం, దివ్యంగా ఉంది. అక్కడే కదా వచ్చింది చిక్కంతా."

డెస్ దగ్గాడు. "ఇప్పుడెక్కడున్నాడు?"

"సరస్సులో పడి ఉన్నాడు. ఇంకెక్కడికి పోతాడు?"

"దేవుడా! ఇంకా బయటికి తీయలేదా?"

"తీయడమెందుకు? ఆకలేస్తే తనే వస్తాడు."

డెస్ ఫోన్ పెట్టేసి, దుఃఖంతో ఆమెకు మతి చలించిందని పక్కనున్నవాళ్లతో చెప్పి, ముంగిట్లోకి వెళ్లి క్లబ్బు జెండాను సగానికి దించాడు. సభ్యుల్లో ఎవరు పోయినా ఆ క్లబ్బులో ముందు జరిగేది అది. రెండోది, ఊళ్లో ఓవెన్లన్నీ ఒకేసారి వెలగడం.

పదిన్నర కాకముందే కోరల్ వంటగది బల్లమీద ఆరు గిన్నెలు చేరాయి. బంగాళాదుంప పరిచిన ఖీమా రెండు, ట్యూనా పాస్తా మూడు, మూత తీయకుండా ఏమిటో తెలియనిది ఒకటి. తెచ్చిన ఆడవాళ్లు ఆమెను కావలించుకుని వీపు నిమిరారు. ఊరు ఇంత వేగంగా తన పక్షాన నిలబడుతుందని కోరల్ అనుకోలేదు. ఆమెకు మళ్లీ ఏడుపొచ్చింది.

"మంచివాడమ్మా. అలాంటివాళ్లే ఇలా వెళ్లిపోతారు," అంది పక్కవీధి హేజెల్.

"మంచివాడట! నీ మొగుడు వెళ్తే తెలుస్తుంది."

"అలా అనకూడదు కోరల్, ఇప్పుడు. ముందుగా నీకేమైనా సూచనగా అనిపించిందా?"

"గురువారాలు," అంది కోరల్.

హేజెల్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ, దుఃఖంలో ఉన్న మనిషిని రెట్టించి అడగడం పద్ధతి కాదు కాబట్టి తల ఊపింది.

అప్పుడు వచ్చింది గ్లెనిస్. చేతిలో ఏడో గిన్నె. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆ కళ్లు చూడగానే కోరల్‌కు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. తనను ఓదార్చడానికి ఇంతమంది వచ్చారు, ఇంత కుమిలి ఏడ్చినది ఈవిడ ఒక్కతేనా?

"నువ్వా! నా గుమ్మంలోకే వచ్చావా?"

"రాకుండా ఎలా ఉంటాను? నేనూ ఇదంతా పడ్డదాన్నే కదా."

"నీకు లేకపోతే నాది కావాల్సొచ్చిందా?"

"కోపం వస్తుంది కోరల్. నాకూ వచ్చింది. మొదటి వారమంతా నేను మా ఆయన షెడ్డు ముందు నిలబడి దాన్ని తిట్టాను," అంది గ్లెనిస్ ముక్కు తుడుచుకుంటూ. "ఇకమీద గురువారాలు నాకెలా గడుస్తాయో! నేను చెప్పేది నెవిల్ విన్నంత శ్రద్ధగా ఎవ్వరూ వినలేదు."

కోరల్ కుర్చీ వీపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా పోయారన్నా ఆమె తట్టుకునేదేమో. "విన్నాడా? నీ మాట విన్నాడా? నలభై రెండేళ్లుగా నేను చెప్పింది ఒక్క ముక్క వినలేదే ఆ మనిషి! చెత్తడబ్బా బయట పెట్టమని మూడుసార్లు చెప్పాలి!"

సరిగ్గా అప్పుడు మలుపు దగ్గర హారన్ మోగింది. ఒకటి. కాస్త ఆగి, రెండు.

కోరల్ కాళ్లు అలవాటుగా కిటికీ వైపు తిరిగాయి. మిగతా ఆడవాళ్లకు కాళ్లు ఆడలేదు. హేజెల్ చేతిలోంచి ట్యూనా పాస్తా గిన్నె జారి పడింది.

జరిగిందేమిటంటే, నెవిల్ పదింటికే ఓ మంచి కాడ్ చేప పట్టుకుని, గెలిచినవాళ్లకు మాంసం ఇచ్చే శుక్రవారం లాటరీ టికెట్లు తీసుకుందామని క్లబ్బుకు వెళ్లాడు. జెండా సగానికి ఉంది. పాపం అనుకుని టోపీ తీశాడు. పోయినవాళ్ల పేరు పలకమీద రాయడం కార్యదర్శి పని. అందుకని లోపలికి వెళ్లి, "ఎవరు పోయారు?" అని అడిగాడు. పలక ముందు సుద్దముక్కతో అప్పటికే 'నె' రాసిన డెస్ వెనక్కి తిరిగి, "నువ్వే," అని కూలబడిపోయాడు.

ఇప్పుడు నెవిల్ బండి వెనక నాలుగు కార్లు వచ్చి ఆగాయి. నెవిల్ ఓ చేత్తో చేప పట్టుకుని ఇంటి ముందు పచ్చికలో నిలబడ్డాడు. చొక్కామీద ఎర్రటి మరక. దాన్ని చూసి ఎవరో కెవ్వుమన్నారు.

"నన్ను చంపేశావటగా కోరల్. చేప పట్టేదాకా ఆగావు, అదే పదివేలు."

కోరల్ బయటికి వచ్చింది. అతను క్షేమంగా తిరిగొచ్చాడు కాబట్టి రోజూ కలిగే ఊరట కలిగింది. దాన్ని తొక్కిపెట్టి అడిగింది. "అరవై మూడేళ్ల ఆవిడెవరు?"

నెవిల్ చుట్టూ ఉన్న ఇరవైమందినీ చూశాడు. "లోపలికి పద, చెప్తాను."

"ఇక్కడే చెప్పు."

"వద్దు కోరల్. నా మాట విను. ఇక్కడ వద్దు."

"ఏం, సిగ్గేస్తోందా?"

"నాకేం సిగ్గు? నా గురించి కాదు నేను చెప్పేది."

"మరెవరి గురించి? ఆవిడ గురించేగా!" కోరల్ చెయ్యి గ్లెనిస్ వైపు చాచింది. "కంప్యూటర్‌లో చూశాను. భాగస్వామి వయసు అరవై మూడట. గ్లెనిస్‌కి అరవై మూడు. నాకు అరవై ఏడు! పోయిన నెలే నిండాయి! నలభై రెండేళ్లు కాపురం చేసి పెళ్లాం వయసు తెలియదా నీకు?"

పచ్చికలో ఎవరూ కదల్లేదు. నెవిల్ చేతిలో చేప ఒక్కటే కాస్త అటూ ఇటూ ఊగింది.

"అరవై ఏడా?" అంది హేజెల్ మెల్లగా. "మూడేళ్ల కిందట నీ అరవయ్యో పుట్టినరోజుకి గులాబీరంగు కేకు చేసింది నేనే కదా."

కోపంలో కోరల్ ఆ కేకు సంగతే మర్చిపోయింది. ఎనిమిదేళ్ల కిందట వాళ్లు జీలాంగ్ నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చి క్లబ్బులో చేరినప్పుడు, వరుసలో తన ముందు ఓ సన్నటావిడ ఫారం నింపుతోంది. వయసు గడిలో 55 అని రాసింది. ఆ నడుమూ ఆ రాతా చూసి కోరల్ కలం దానంతటదే 59 బదులు 55 రాసేసింది. తర్వాత ఆ అబద్ధం ఏటా ఓ ఏడాది పెరుగుతూ, కేకులు కోయించుకుంటూ ఆమెతోపాటే బతికింది. క్లబ్బులో వయసు క్లబ్బుది, ఇంట్లో వయసు ఇంటిది. ఎనిమిదేళ్లలో అవి రెండూ ఎదురుపడడం ఇదే మొదలు.

"నీ వయసు నాకు తెలుసు," అన్నాడు నెవిల్. "క్లబ్బులో నీ వయసెంతో కూడా తెలుసు. గోడమీద అంత పెద్ద టీవీ, అంతమంది చూస్తున్నారు, నన్ను ఇంకేం వేయమంటావు? తరగతిలో వేసిన ఆ లెక్కే ఇంట్లో తెరిచి చూసుకున్నాను. లోపలికి రమ్మంటే వచ్చావా?"

కానీ కోరల్ అసూయ ఓ పట్టాన వదిలేది కాదు. "మరి ఆ ఎనభై మూడేమిటి? ఎనభై మూడుతో నన్ను ఆపేశావేం?"

"నాకు తొంభై, నీకు ఎనభై మూడు. రెండూ ఒకే ఏడాది వస్తాయి, లెక్క చూడు. ఆడవాళ్లు ఇంకా ఎక్కువ బతుకుతారు, పెంచమని గ్లెనిస్ చెప్పింది."

"రెండుసార్లు చెప్పాను," అంది గ్లెనిస్.

"నేను వినలేదు," అన్నాడు నెవిల్. "నేను ముందు పోయానే అనుకో. నువ్వా కిటికీ దగ్గర నిలబడితే హారన్ ఎవరు కొడతారు?"

ఎవరో ముక్కు చీదారు. కోరల్ మాత్రం తలెత్తి, చివరిది అడిగేసింది. "పొద్దున ఒక్కసారే ఎందుకు కొట్టావు?"

నెవిల్ చొక్కామీది ఎర్ర మరక చూపించాడు. "జామ్ రాసిన రొట్టె. రెండోది కొట్టబోతే జారి మీద పడింది. అందుకే ఇప్పుడు కాస్త గట్టిగానే కొట్టాను, విన్నావుగా."

అంతలో గ్లెనిస్‌లోని బ్యాంకు ఉద్యోగిని లేచింది. "ఉండుండు కోరల్. నీకు అరవై ఏడు నిండితే వృద్ధాప్య పింఛను అడగొచ్చు కదా! అడిగావా?"

"నెల్రోజులుగా చెప్తున్నాను," అన్నాడు నెవిల్. "ఆ పింఛను ఆఫీసు కౌంటర్‌లో కూర్చునేది హేజెల్ మేనకోడలని ఈవిడ గుమ్మం ఎక్కనంటోంది. గడిలో అసలు వయసు వేస్తే మన గుట్ట ఇంకో ఐదేళ్లు పచ్చగా ఉంటుంది, తెలుసా?"

గ్లెనిస్ తన గిన్నెను బండి బానెట్ మీద పెట్టింది. ఆమె మొహం ఎందుకో కందింది. "కోరల్, ఆ ఫారం... నువ్వు నాది చూసి రాశావా?"

"చూడకుండా ఎలా ఉంటాను? ఎదురుగానే రాశావు."

"అయితే నీకు చెప్పేయడం మంచిది. నాకు అరవై ఎనిమిది."

ఆ మాటకు అందరూ నవ్వారు. కోరల్ నవ్వలేదు. అరవై మూడేళ్లకు ఆ మోకాళ్లంటే ఎలాగో ఓర్చుకుంది. అరవై ఎనిమిదికా? తనకన్నా ఏడాది పెద్దదై ఉండి, పచ్చికమీద అలా వంగి, అలా లేస్తుందా? ఆ మధ్యాహ్నం గిన్నెలు సర్దుతున్నంతసేపూ ఆమె పళ్ల మధ్య నలిగింది ఆ ఒక్క విషయమే.

గురువారం కోరల్ మొదటిసారి తరగతికి వెళ్లి, మొదటి వరుసలో కూర్చుంది. టీవీమీద అంతెత్తున 67 కనిపిస్తుంటే కళ్లు మూసుకుంది. తర్వాతి గడిలో 87 వేసేటప్పుడు మాత్రం తెరుచుకుని, నెవిల్ 90ను ఓసారి సరిచూసుకుంది. ఏడాది తేడా రాలేదు. గుట్ట పచ్చగానే ఉంది. ఆమె వెనక హేజెల్ లేచి, పనిలో పనిగా తన వయసు కూడా కాస్త సవరించాలంది. ఆ వెనక డెస్ గొంతు సవరించుకున్నాడు.

నెలాఖరుకు సభ్యుల పుస్తకంలో నెవిల్ వయసులు దిద్దగా పెరిగిన ఏళ్లన్నీ కూడితే, ఒక్క ప్రాణం పోకుండా ఆ క్లబ్బు నూట పన్నెండేళ్లు ముసలిదైంది.